మూడు రోజుల దారం

కత్తెర కిచుక్కుమన్నాక గాని సిరిన్‌కి తెలిసిరాలేదు, తను ఊరందరితో తగువు కొనితెచ్చుకున్నానని.

అసలు ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక్కటీ సవ్యంగా లేదు. నాన్ నది పక్కనున్న బురద దారిలో మోటార్‌సైకిల్ రెండుసార్లు మొరాయించింది. వాన మాత్రం ఒక్కసారీ ఆగలేదు. తీరా తడిసి ముద్దయి ఆ ఇంటి మెట్లెక్కితే పేషెంటు లేడు.

"పడవ షెడ్డుకి వెళ్లాడమ్మా. ఇప్పుడే వచ్చేస్తాడు," అంది పక్కింటావిడ.

ఆ ఇప్పుడే అన్నది అవడానికి గంట పట్టింది. రెండు కిడ్నీలూ పోయిన మనిషి, పొట్టలో ట్యూబు పెట్టుకున్న మనిషి, పడవ షెడ్డుకి! సిరిన్ ఫైలు మళ్లీ తెరిచి చూసుకుంది, పొరపాటున ఇంకొకరి ఇంటికి రాలేదు కదా అని. ఖమిన్, ముప్పై ఒక్క ఏళ్లు. ఎనిమిది నెలలుగా రోజుకి నాలుగుసార్లు మందునీళ్ల సంచి కొక్కేనికి తగిలించి, పొట్టలోని పాత నీళ్లు వదిలి, కొత్తవి నింపుకుంటున్నాడు. కిడ్నీలు చేయాల్సిన చాకిరీ ఆ నీళ్లు చేస్తున్నాయి. జిల్లా ఆసుపత్రిలో ఇలాంటివాళ్లు నలభై మంది. అందరి ఇళ్లూ తిరిగి చూడటం సిరిన్ పని. దక్షిణాన సముద్రపు ఒడ్డు నుంచి ఈ కొండల్లోకి బదిలీ అయి రెండు నెలలైంది.

ఖమిన్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడలో విజిల్‌తో, మొహం నిండా నవ్వుతో.

"నర్సమ్మగారూ! మీరొచ్చేది బుధవారం కదా?"

"ఇవాళ బుధవారమే."

"అవునా? మా షెడ్డులో ఇంకా మంగళవారమే నడుస్తోంది."

సిరిన్ నవ్వలేదు. చెయ్యి చూపించమంది. మణికట్టు నిండా తెల్ల దారాలు. ఒకటా రెండా, పాతికుంటాయి. వాటి మధ్య పొద్దున తిన్న జిగురన్నం మెతుకులు కూడా ఉన్నాయి.

"ఏమిటివి?"

"నిన్న మా అవ్వ నా ప్రాణాల్ని వెనక్కి పిలిచి కట్టేసింది. మనిషికి ముప్పై రెండుంటాయి కదా. నావి కాస్త తిరుగుబోతువి."

"ఈ చేత్తోనే ట్యూబ్ పట్టుకుంటారా?"

"కడుక్కునే పట్టుకుంటాను."

"తడి దారం కింద ఏముంటాయో తెలుసా?"

"చెప్పానుగా, నా ప్రాణాలు."

"క్రిములు! అవి పొట్టలోకి పోతే ఆ ముప్పై రెండూ ఒకేసారి పోతాయి. తీసేయండి."

"మూడు రోజులుంచాలండీ. ఇంకా రెండున్నాయి."

"క్రిములకి క్యాలెండర్ ఉండదు," అంటూ సిరిన్ బ్యాగులోంచి కత్తెర తీసింది. కిచుక్కుమంది.

ఖమిన్ మొహంలో నవ్వు మాయమైంది. "కోసేశారా?" అన్నాడు మెల్లగా. "మూడు రోజులయ్యాక విప్పొచ్చు. కోయడం మాత్రం..."

మెట్ల మీద ధబ్బుమని చప్పుడైంది. జిగురన్నం బుట్ట దొర్లుకుంటూ కిందికి పోయింది. బుట్ట మోసుకొచ్చిన బువాఖమ్ అవ్వ రెండు చేతులూ తల మీద పెట్టుకుని నిలబడింది.

"అమ్మో, అమ్మో! కోసిపారేసింది! పట్టుకొచ్చి కట్టిన ప్రాణాల్ని గాల్లోకి వదిలేసింది! ఎవతివే నువ్వు?"

సిరిన్ వాళ్ల ఊళ్లో గుడి దారమంటే మాసినప్పుడు తీసి పడేసేదే.

*

ఆ తరవాత సిరిన్ తల ప్రాణం తోకకొచ్చింది.

సంతలో కూరలమ్మే ఆవిడ వంకాయలు తూస్తూ, "కత్తెర నర్సు మీరేనా?" అంది. పందేలకి సాధన చేస్తున్న ఊరి పడవ ఇసుకమేట ఎక్కి ఆగిపోతే కారణం సిరిన్. గ్రామపెద్ద కోడి గుడ్లు పెట్టడం మానేస్తే కారణం సిరిన్. ఊరి పడవకి పెద్ద అయిన మూన్ పెద్దయ్య బీపీ చూపించుకోవడానికి వచ్చి, బీపీ ఎక్కువుంటే, "ఉండదా మరి?" అని ఆమెకేసి అదోలా చూశాడు.

అవ్వ సంగతి చెప్పనే అక్కర్లేదు. సిరిన్ ఎప్పుడెళ్లినా కొత్త చోట కొత్త దారం. మంచం కోడుకి ఒకటి. "వద్దవ్వా, అక్కడ దుమ్ము పడుతుంది." సంచి తగిలించే కొక్కేనికి ఒకటి. "అయ్యో, అక్కడ అసలే వద్దు." అవ్వ మాట్లాడకుండా విప్పేది. ఆ మాట్లాడకపోవడం తిట్ల కంటే ఎక్కువ గుచ్చుకునేది.

ఇక పేషెంటుగారు ఇంట్లో దొరికితే ఒట్టు. మూడో బుధవారం సిరిన్ విసిగిపోయి తిన్నగా పడవ షెడ్డుకే వెళ్లింది. వెళ్లి చూస్తే తెడ్లు తగిలించే కొక్కేనికి మందునీళ్ల సంచి వేలాడుతోంది!

"ఖమిన్!" ఆమె కేకకి చూరు మీది పావురాలు ఎగిరిపోయాయి.

"హుష్!" ప్లాస్టిక్ తెర వెనక నుంచి గొంతు వినిపించింది. "మాస్క్ వేసుకుంటేనే లోపలికి. తెర జిప్పు వేసి రండి. ఫ్యాన్ ముట్టుకోవద్దు."

సిరిన్ మాస్క్ వేసుకుని లోపలికెళ్లింది. ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని ఆశగా చూసింది. నాలుగు వైపులా కడిగిన ప్లాస్టిక్ తెర. స్టీలు బల్ల. సబ్బు, స్పిరిట్, గడియారం. మణికట్లు బోడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఖమిన్ కుర్చీలో తీరిగ్గా కూర్చున్నాడు. పాత నీళ్లు కిందున్న సంచిలోకి దిగుతున్నాయి, తేటగా.

తప్పేమీ దొరకలేదు. అది ఆమెకి మరీ చిరాకు తెప్పించింది.

"ఇల్లు ఏమైంది మీకు?"

"ఇంట్లో అందరూ నన్ను గుడ్డులా చూస్తారండీ. నేను దగ్గితే మా అవ్వ ఏడుస్తుంది. ఇక్కడైతే నలభై మంది తెడ్లవాళ్ల చేత తిట్లు తింటాను. హాయిగా ఉంటుంది."

"హాయిగానా?"

"ఈ షెడ్డు బయట జబ్బు మనిషిని ఎవరూ తిట్టరు. మీరు తప్ప. అందుకే మీరంటే నాకు..." అని ఆగి, సంచికేసి చూశాడు. "పొట్ట ఖాళీ అయిపోయింది. ఇక నింపాలి."

సిరిన్‌కి మాస్క్ ఉన్నందుకు మొదటిసారి సంతోషమేసింది. చెంపలు ఎందుకు వేడెక్కాయో ఆమెకే అర్థం కాలేదు.

నింపడం అయ్యాక అతను జేబులోంచి ఒక ఫారం తీశాడు. బౌద్ధ భిక్షువుల వర్షాకాల వ్రతం ముగిసే రోజుల్లో పట్నంలో పడవ పందేలు. ఊరి పడవలో విజిల్ ఊది తెడ్ల లెక్క నడిపేవాడు ఖమిన్. జబ్బు పడక ముందు ఆరేళ్లు అతనే. ఈసారి అతని పేరు రాయాలంటే ఆసుపత్రి నుంచి సంతకం కావాలి.

"కుదరదు," అంది సిరిన్.

"చదవకుండానేనా?"

"పడవ బోల్తా పడితే? ఆ మురికి నీళ్లు ట్యూబులోకి పోతే? కుదరదంటే కుదరదు. ఇంట్లో పడుకోండి."

"ఎనిమిది నెలలు పడుకున్నానండీ. పడుకున్నందుకు పతకం ఎవరూ ఇవ్వరు." నవ్వుతూనే అన్నాడు గాని గొంతు నవ్వలేదు. "నేను తెడ్డు వెయ్యను. కూర్చుని ఊదుతాను, అంతే. ఆ నాలుగు నిమిషాలూ నేను పేషెంటుని కాను. అది అడుగుతున్నాను."

"ఆ నాలుగు నిమిషాల కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?"

"ప్రాణాలు మీరు ఎప్పుడో కోసేశారు కదండీ," అన్నాడు అల్లరిగా.

ఆమె ఫారం బ్యాగులో కుక్కుకుని విసవిసా బయటికి నడిచింది. చింపెయ్యాలనుకుంది. ఎందుకో చింపలేదు.

*

పందెం ఇంకా రెండు వారాలుందనగా ఫోనొచ్చింది.

"నర్సమ్మగారూ, ట్యూబ్ చర్మంలోకి వెళ్లే చోట కాస్త ఎర్రగా ఉంది. ముందే చెప్తున్నా, అరవకండి."

అరవలేదు. కుండపోత వానలో మోటార్‌సైకిల్ ఎలా నడిపిందో, ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. కట్టు విప్పి చూసింది. ఎరుపు, కొంచెం చెమ్మ. సంచిలో నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. మాత్రలతో తగ్గుతుంది. ఆ మాట నిర్ధారణ అయ్యాక, అప్పుడొచ్చింది కోపం.

"పడవెక్కావు కదూ?" మీరు కాస్తా నువ్వయిపోయింది. "నిజం చెప్పు. నాకు తెలియకుండా ఎక్కావు!"

"లేదు."

"మరి ఈ తడి ఎక్కడిది?"

ఎప్పుడూ మాటకి మాట అంటించే మనిషి నేల చూపులు చూస్తున్నాడు.

"చూశావా! నోరు లేవట్లేదు. ఒక్కసారి, ఒక్కసారి నా మాట వింటే నీ సొమ్మేం పోయింది?" బ్యాగులోంచి ఫారం లాగి, అతని కళ్ల ముందే నిలువునా చింపేసింది. "అయిపోయింది. ఇక అడక్కు."

"వాడిని తిట్టకు."

గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి కుంచించుకుపోయి ఉంది.

"వాడు పడవెక్కలేదు. మొన్న రాత్రి నిద్రపోతుంటే నేను కట్టాను. ఆ గొట్టానికి. నిన్న పొద్దున చూసి తీసేశాడు. నా పేరు చెప్పొద్దని నోరు కుట్టుకున్నాడు."

సిరిన్ ఖమిన్‌కేసి చూసింది. అతను దిండు కింది నుంచి ఒక తెల్ల దారం తీసి బల్ల మీద పెట్టాడు.

"ట్యూబుకా!" సిరిన్ గొంతు కీచుమంది. "అవ్వా, ఎన్నిసార్లు చెప్పాను వద్దని?"

"చెప్పావు! వద్దనే చెప్పావు!" అవ్వ ఒక్కసారి విరుచుకుపడింది. "చేతికి వద్దన్నావు. మంచానికి వద్దన్నావు. కొక్కేనికి వద్దన్నావు. సరే, చదువుకున్నదానివి, విన్నాను. మరి ఎక్కడ కట్టనే తల్లీ? ఆ ఒక్క మాట చెప్పవేం? వీడి అమ్మానాన్నల్ని మట్టికిచ్చి వీడిని పెంచాను. ఏమీ కట్టకుండా వీడిని ఎలా వదిలెయ్యను?"

ఆవిడ గోడకి జారబడి కూర్చుని కొంగుతో మొహం కప్పుకుంది.

సిరిన్ వంగి ఫారం ముక్కలు ఏరుకుంది. బయట వాన రేకుల మీద దంచుతోంది. అవును, ఈ ఊరొచ్చిన నాటి నుంచీ తను వద్దు అనే మాట తప్ప మరోటి అనలేదు. ఎలా చేయాలో, ఎక్కడ చేయాలో ఒక్కసారీ చెప్పలేదు.

"పోయినేడు మా ఊళ్లో ఒక పేషెంటు ఉండేది," అంది చివరికి. "బడి టీచరు. నా ఈడుదే. స్నేహితులతో జలపాతానికి వెళ్తానంటే, సరదాగా వెళ్లి రా అన్నాను. జాగ్రత్తలేమీ చెప్పలేదు. ఇన్ఫెక్షన్ వచ్చింది. మూడు వారాల్లో పోయింది. అప్పటి నుంచీ ఎవరికీ, దేనికీ ఊ అనలేదు. భయం నాకు. నువ్వు పోతావేమోనని... నువ్వంటే, పేషెంట్లు ఎవరైనా సరే."

"ఎవరైనానా?" అన్నాడు ఖమిన్ మెల్లగా.

"నోర్ముయ్."

కళ్లు తుడుచుకుని అతని చొక్కా చెయ్యి పైకి మడిచింది. మోచేతికి జానెడు పైన, జబ్బ మీద వేలు పెట్టింది.

"ఇక్కడవ్వా. చేతులు మోచేతి దాకానే కడుగుతాడు. ఇక్కడ తడవదు. ట్యూబుకి దూరం. ఎన్నయినా కట్టు."

అవ్వ కొంగు తీసి చూసింది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదా అన్నట్టు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. లేచి లోపలికెళ్లి కొత్త దారం తెచ్చి సిరిన్ చేతిలో పెట్టింది.

"కోసింది నువ్వు. కట్టాల్సిందీ నువ్వే."

సిరిన్ కట్టింది. ముడి రెండుసార్లు జారిపోయింది. అతని చెయ్యి వెచ్చగా ఉంది.

"సూది కూడా ఇలాగే చేతిలోంచి జారిపోతుంటుందా మీకు?"

"సూదులు ఇలా వాగవు."

అవ్వ ఇంకో దారం పట్టుకుని సిరిన్ మణికట్టు అందుకోబోయింది. "నీ ప్రాణాలు కూడా నీ దగ్గర లేవే పిల్లా. ఆ టీచరమ్మాయి దగ్గరే ఆగిపోయాయి. ఇలా తే, కడతాను."

"నాకు జబ్బ మీదైనా కుదరదవ్వా, యూనిఫారం. మోచేతుల పైదాకా ఖాళీగా ఉండాలి. మూడు రోజులు సెలవు పెడితే తప్ప కుదరదు."

"పెట్టు."

"ఉన్నదే ఇద్దరు నర్సులం, ఎలా పెడతాను?"

అవ్వ దారం మడిచి రొండిన దోపుకుంది. "నేనేం ఎక్కడికీ పోను."

మర్నాటికి కొత్త ఫారం వచ్చింది. సంతకంతో పాటు వెనకవైపు పన్నెండు షరతులు. ఎరుపు పూర్తిగా తగ్గాలి. ముందుగా పొట్ట ఖాళీ చేయాలి. ట్యూబు మీద నీరు చొరని పట్టీ వేయాలి. లైఫ్ జాకెట్ విప్పకూడదు. పక్కనే మోటారు పడవ ఉండాలి, అందులో నర్సు ఉండాలి. పన్నెండోది: ఒట్టి ఉప్పులాంటి ఫిష్ సాస్ అన్నంలో మళ్లీ దొంగతనంగా వేసుకుంటే పైవన్నీ రద్దు.

ఖమిన్ ఆ కాగితానికి లామినేషన్ చేయించి షెడ్డులో వేలాడదీశాడు. నలభై మంది తెడ్లవాళ్లూ దాన్ని బట్టీపట్టారు. అప్పట్నుంచి అతను ఉప్పు డబ్బా వైపు చూస్తే చాలు, "పన్నెండు!" అని అరిచేవారు.

*

పందెం రోజు వాన మళ్లీ తన గొప్ప చూపించింది. పొద్దున పదింటికి అనుకున్నది ఒంటిగంట దాటినా మొదలవలేదు. ఖమిన్ సంచి వేళ అయింది. గుడి పక్క గది కడిగి తెర కట్టారు. పాత నీళ్లు వదిలేశారు. కొత్తవి పందెం అయ్యాకే. నలభై మంది ఆజానుబాహులు గుమ్మం బయట మాస్కులు పెట్టుకుని, దారినపోయే వాళ్లని కూడా తుమ్మనివ్వకుండా కాపలా కాశారు. మూన్ పెద్దయ్య అయితే ఒక కుక్కని కూడా గదమాయించాడు.

బయటికొచ్చిన ఖమిన్ మొహం మాత్రం వాడిపోయి ఉంది. సిరిన్ పట్టీ సరిచూస్తుంటే అడిగాడు.

"పెద్ద నర్సమ్మ చెప్పింది. నా ఫైలు మీ దగ్గర్నుంచి తీసేశారట. మీరే అడిగారట."

"అవును."

"విసుగొచ్చేసిందా?"

"ఎప్పుడో వచ్చింది. పడవెక్కు, పిలుస్తున్నారు."

"ఒక్క మాట చెప్పి..."

"ఎక్కు!"

ఎక్కాడు. పడవ ముందు చెక్కిన నాగపడగకి పూలమాల ఊగింది. ఆడవాళ్లు ఆ పడవెక్కకూడదు. సిరిన్ పక్కన మోటారు పడవలో మందుల బ్యాగు గుండెకి హత్తుకుని కూర్చుంది. తుపాకీ పేలింది. ఖమిన్ విజిల్ మోగింది.

అతన్ని అలా ఎప్పుడూ చూడలేదామె. నడుం నిటారుగా, మెడ నరాలు పొంగి, కళ్లు చింతనిప్పుల్లా. ఒక్కో ఊతకి నలభై తెడ్లు ఒక్కటై లేచి ఒక్కటై పడుతున్నాయి. అక్కడ జబ్బు మనిషి ఎవరూ లేరు. "జాకెట్ పైకి లాక్కో!" అని ఆమె అరుస్తూనే ఉంది. కాసేపటికి చూసుకుంటే "లాగండి! లాగండి!" అని అరుస్తోంది.

ఓడిపోయారు. అవతలి పడవ నాగుపాము మూతి జానెడు ముందుగా గెలుపు గీత తాకింది.

ఒడ్డున అవ్వ, "జానెడేగా! దారాలు ముందే కట్టనిచ్చుంటే గెలిచేవాళ్లం," అంది. సిరిన్ పళ్లు నూరుకుంది, నవ్వాపుకోలేక.

ఖమిన్ ఒగరుస్తూ, ఒక్క నీటి చుక్క పట్టీ మీద పడకుండా దిగొచ్చాడు. వచ్చీ రాగానే, "ఫైలు ఎందుకిచ్చేశారు?" అన్నాడు.

"ముందు ఊపిరి తీసుకో."

"చెప్పండి!"

"పేషెంటుని ప్రేమించకూడదని రూలు, మొద్దూ! అందుకు ఇచ్చేశాను. చాలా?"

పక్కనున్న నలభై మందీ ఒక్కసారి ఇటు తిరిగారు. ఖమిన్ నోట్లో విజిల్ సన్నగా కూసింది. తీసి జేబులో పెట్టుకున్నాడు.

"సిరిన్," అన్నాడు. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "నువ్వంటే నాకు కత్తెర రోజు నుంచే ఇష్టం. కానీ నాకెన్నేళ్లో నాకు తెలీదు."

"నాకూ తెలీదు. రోజుకి నాలుగుసార్లని మాత్రం తెలుసు. ఆ లెక్క నేను చూసుకోగలను."

"అది కుదరదు, ఇది కుదరదు అంటూనే ఉంటావా జీవితమంతా?"

"అంటాను. ఎలా కుదురుతుందో కూడా చెప్తాను."

బ్యాగులోంచి మడత కాగితం తీసి అతని చేతిలో పెట్టింది.

"ఏమిటిది, ఇంకో పన్నెండు షరతులా?"

విప్పి చదివాడు. సెలవు చీటీ. సోమ, మంగళ, బుధ. కింద పెద్ద నర్సమ్మ సంతకం. కారణం అన్నచోట సిరిన్ గుండ్రటి అక్షరాలతో ఒకే మాట ఉంది: దారం.

ఖమిన్ దాన్ని రెండోసారి చదివి, అవ్వకి అందించాడు. ఆవిడకి చదువు రాదు. మూన్ పెద్దయ్య గట్టిగా చదివి వినిపించాడు. అవ్వ అప్పుడే రొండిన చెయ్యి పెట్టి, రెండు వారాలుగా దాచిన దారం తీసింది.

సిరిన్ మణికట్టు చాచింది. అవ్వ ముడి వేయబోయి ఆగింది.

"ముందు ఆ కత్తెర ఇలా ఇయ్యి."

సిరిన్ బ్యాగు తెరిచి కత్తెర తీసి అవ్వ చేతిలో పెట్టింది.